బాగుచేసిన ఇంట్లో అదుపు తప్పే గీజరు

కోనసీమ ఇళ్ళలో వేడినీటి గీజరు గురించి వినవచ్చే ఫిర్యాదుల్లో ఒకదానికి విచిత్రమైన లక్షణం ఉంది. ఏళ్ళ తరబడి ఏ పేచీ పెట్టకుండా పనిచేసిన గీజరు, ఇంటిని బాగుచేయించి, స్నానాల గదికి కొత్త టైల్సు అతికించి, కుళాయిలన్నీ మార్చిన కొద్ది వారాలకే అతిగా కాగడం మొదలుపెడుతుంది. కుళాయి తిప్పగానే నీటితో పాటు ఆవిరి కక్కుతుంది, లేదా స్నానం మధ్యలో దానంతటదే ఆగిపోయి, మూత విప్పి లోపలి మీట నొక్కితే తప్ప తిరిగి పనిచేయదు. పిలిపించిన మెకానిక్కు థర్మోస్టాటు మార్చి వెళతాడు; కొన్నాళ్ళు బాగానే ఉండి కథ మళ్ళీ మొదటికి వస్తుంది. విసిగిన ఇంటివారు కొత్త గీజరు కొంటే అదీ అదే దారి పడుతుంది. అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేట చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఈ తంతు ఇలాగే సాగడానికి కారణం, గీజరును విప్పి చూసినవారు దాని చుట్టూ ఇంట్లో ఏమేమి మారాయో చూడకపోవడమే.

నీటిని కాచే ఏ సాధనానికైనా వచ్చే వేడి, పోయే వేడి అని రెండు పద్దులు ఉంటాయి; రెండూ సరిపోయినంత కాలం ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. గీజరులో వచ్చే వేడిని నిర్ణయించేది కాయిల్ సామర్థ్యం, అంటే 2 కిలోవాట్లనో 3 కిలోవాట్లనో దాని పలక మీద చెక్కి ఉండే అంకె. ఇంటికి రంగులు వేసినంత మాత్రాన, గోడలు పగలగొట్టి కట్టినంత మాత్రాన ఆ అంకె మారదు. పోయే వేడి మాత్రం పూర్తిగా నీటి ప్రవాహం మీద ఆధారపడి ఉంటుంది. నీరు ఎంత వేగంగా వస్తోంది, ఏ వైపు నుంచి వస్తోంది, కాయిల్‌ను పూర్తిగా ముంచుతోందా, కాగి వ్యాకోచించినప్పుడు దానికి తప్పుకునే చోటు ఉందా అన్నవి దీనికి సంబంధించిన ప్రశ్నలు. ఇంటి మరమ్మతులో తాపీ మేస్త్రి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ కలిసి తిరగరాసేవి సరిగ్గా ఇవే కనుక, మరమ్మతు తరువాత పుట్టిన అతివేడికి మూలం చాలా వరకు వచ్చే పద్దులో కాక పోయే పద్దులో దొరుకుతుంది.

గీజరు రాక ముందు కోనసీమ ఇంట ఈ సమస్యకు తావే లేదు. మండువా లోగిళ్ళలో స్నానాల నీళ్ళు కాచే చోటు ఇంటి వెనుక దొడ్డిలో, నూతికి దగ్గరగా ఉండేది. మూడు రాళ్ళ మీద కాగు, లేదా కాస్త కలిగినవారింట రాగి బాయిలరు, వాటి కింద కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు. రాగి బాయిలరు నిర్మాణం చూడటానికి సాదాగా ఉన్నా అందులోని యోచన గట్టిది. నడుమ నిలువునా ఒక పొగగొట్టం ఉంటుంది, దాని అడుగున నిప్పు వేస్తారు, గొట్టం చుట్టూ నీరు ఉంటుంది. పైనున్న గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు దిగి, పైకి తేలి ఉన్న వేడినీళ్ళను అంతే పరిమాణంలో ముక్కు గుండా బయటికి నెడతాయి. చన్నీళ్ళు పోయనిదే వేడినీళ్ళు రావు కాబట్టి పాత్ర ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. పైన గరాటు గాలికి తెరుచుకుని ఉండటం వల్ల నీరు ఎంత మరిగినా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగి ఆవిరిగా పోవలసిందే తప్ప, లోపల ఒత్తిడి పెరిగే అవకాశం లేదు. థర్మోస్టాటు, కటౌటు, వాల్వు అంటూ ఏ రక్షణ పరికరమూ లేకుండా తరాల పాటు అది క్షేమంగా పనిచేసిందంటే, దాని రక్షణ దాని ఆకారంలోనే ఉంది.

గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు పంపిన డబ్బుతోనూ, కొబ్బరి, వరి, రొయ్యల చెరువుల రాబడితోనూ పెంకుటిళ్ళు శ్లాబు ఇళ్ళుగా మారుతూ వచ్చినప్పుడు స్నానాల గది దొడ్డిలోంచి పడకగది పక్కకు చేరింది. నిప్పు ఇంట్లోకి రాలేదు కనుక దాని స్థానంలో విద్యుత్తు వచ్చింది. తెరిచి ఉన్న పాత్ర స్థానంలో మూసి ఉన్న తొట్టె వచ్చింది. అసలు తేడా ఇంధనంలో కంటే ఈ మూతలో ఎక్కువగా ఉంది. మూసిన తొట్టెలో ఒత్తిడి పెరిగే కొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. వాతావరణ పీడనానికి రెట్టింపు పీడనం కింద నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. అలాంటి నీటికి ఒక్కసారిగా బయటి గాలి తగిలితే అందులో కొంత భాగం తక్షణం ఆవిరి అవుతుంది. ఒక పాలు నీరు ఆవిరైతే దాదాపు 1,600 పాళ్ళ చోటు కావాలి. కుళాయి తిప్పగానే వినబడే బుసలు దీనికి చిన్న రూపం, తొట్టె పగలడం పెద్ద రూపం.

అందుకే మూసిన తొట్టెకు ఒకరి వెనుక ఒకరుగా ముగ్గురు కావలివాళ్ళను పెట్టారు. మొదటిది థర్మోస్టాటు, నీరు నిర్ణీత ఉష్ణోగ్రతకు, సాధారణంగా 60 డిగ్రీలకు అటూఇటూగా, చేరగానే కాయిల్‌కు కరెంటు ఆపి, చల్లబడగానే మళ్ళీ ఇస్తుంది. అది విఫలమైతే అంతకంటే హెచ్చు వేడి వద్ద పనిచేసే కటౌటు కరెంటును పూర్తిగా తెంచుతుంది; చాలా నమూనాల్లో దీన్ని మనిషే చేత్తో నొక్కి తిరిగి నిలబెట్టాలి, ఎందుకంటే కారణం తెలుసుకోకుండా యంత్రం మళ్ళీ మొదలు కాకూడదన్నది దాని ఉద్దేశం. ఆ రెండూ విఫలమైనప్పుడు ఒత్తిడిని బయటికి వదిలేది సేఫ్టీ వాల్వు. 15 లీటర్ల తొట్టె, 2 కిలోవాట్ల కాయిల్ ఉన్న గీజరు 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి లెక్క ప్రకారం 18 నిమిషాలు పడుతుంది. తొట్టె నిండా నీరుండి కూడా పది నిమిషాలు తిరగకుండానే కటౌటు పడిపోతోందంటే నీరు మొత్తం కాగలేదని, కాయిల్ చుట్టుపక్కల మాత్రమే వేడి చిక్కుకుపోయిందని గ్రహించవచ్చు. ఇంత చిన్న పరిశీలనకు గడియారం తప్ప పరికరమేదీ అక్కరలేదు, అయినా చేసేవారు అరుదు.

వేడి చిక్కుకుపోవడానికి మొదటి కారణం ప్రవాహం సన్నబడటం. ఇది తక్షణ గీజర్లలో, అంటే 3 లీటర్ల చిన్న తొట్టెతో నీరు పారుతుండగానే కాచే వాటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 3 కిలోవాట్ల కాయిల్ మీదుగా నిమిషానికి లీటరున్నర నీరు పారితే ఆ నీటి ఉష్ణోగ్రత సుమారు 29 డిగ్రీలు పెరుగుతుంది. ట్యాంకులో నీరు 28 డిగ్రీల వద్ద ఉంటే కుళాయిలో 57 డిగ్రీల నీరు వస్తుంది. అదే ప్రవాహం సగానికి, అంటే నిమిషానికి ముప్పావు లీటరుకు తగ్గితే పెరుగుదల రెట్టింపై నీరు 85 డిగ్రీలకు చేరబోతుంది. థర్మోస్టాటు మాటిమాటికీ తెగుతూ అంటుకుంటూ ఉంటుంది, ఒక్కోసారి దానిని దాటి కటౌటే పడిపోతుంది. కాయిల్‌లో ఒక్క వాటు కూడా పెరగకుండానే గీజరు అదుపు తప్పడమంటే ఇదే.

ప్రవాహం సగానికి తగ్గడానికి మరమ్మతు ఎన్నో దారులు ఇస్తుంది. పైపులు కోసినప్పుడు రాలిన పొట్టు, గోడలు చెక్కినప్పుడు పడిన సిమెంటు రేణువులు, మరలకు చుట్టిన తెల్లటి టేపు ముక్కలు నీటితో ప్రయాణించి, కొత్త కుళాయి మూతి దగ్గర ఉండే సన్నని జల్లెడలోనో, గీజరు లోపలికి వచ్చే చోట ఉండే జాలీలోనో చేరతాయి. పాత ఇత్తడి కుళాయిలకు ఇటువంటి జల్లెడలు ఉండేవి కావు, చెత్త ఉంటే బకెట్లోకి పోయేది. పని ముగిశాక గీజరును కలపక ముందే పైపుల్లోంచి ధారగా నీళ్ళు వదిలి కడగాలన్నది ప్లంబింగులో తొలి పాఠం. గృహప్రవేశ ముహూర్తం ముంచుకొస్తున్న ఇంట్లో ఎక్కువగా దాటవేసేదీ ఆ పాఠాన్నే. రెండో దారి గాలి బంధం. కొత్త తలుపో అల్మారానో అడ్డం వచ్చిందని పైపును పైకెత్తి, గుమ్మం మీదుగా తిప్పి, మళ్ళీ కిందికి దించితే ఆ వంపు శిఖరంలో గాలి చేరి నిలుస్తుంది. మేడ మీది ట్యాంకు గీజరుకు 3 మీటర్ల ఎత్తులో ఉంటే లభించే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. పంపు సాయం లేని అంత తక్కువ ఒత్తిడి ఆ గాలిని తోసేయలేదు. వేడినీటి కుళాయి మొదట బాగా వచ్చి, క్రమంగా సన్నబడి, ఉమ్మినట్టు తుంపర్లుగా పడుతుంటే ఇది గాలి బంధమని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

మిక్సరు కుళాయి తెచ్చిన చిక్కు మరింత గడుసుది. వేడినీటికీ చన్నీటికీ వేర్వేరు కుళాయిలున్న రోజుల్లో ఆ రెండు నీళ్ళూ కలిసేది బకెట్లోనే. మిక్సరులో మాత్రం అవి గోడ లోపలే కలుస్తాయి. దాని లోపలి అడ్డు సరిగ్గా మూసుకోకపోయినా, చేతి షవరు మీట దగ్గర మాత్రమే నీటిని ఆపి మిక్సరును తెరిచి వదిలేసినా రెండు గొట్టాలకూ నడుమ రహస్య దారి ఏర్పడుతుంది. ఇక చన్నీటి గొట్టానికి మాత్రమే కొత్తగా ప్రెషరు పంపు పెట్టి, గీజరుకు పాత ట్యాంకు నీటినే ఉంచితే, బలమైన చన్నీరు మిక్సరు గుండా వెనక్కి నడిచి గీజరు నోటికి అడ్డం పడుతుంది. కాగిన నీరు బయటికి రాలేక లోపలే నిలిచిపోతుంది. కుళాయిలో మాత్రం గోరువెచ్చని నీరే వస్తుంది. చల్లగా వస్తున్నాయని ఇంటివారు థర్మోస్టాటును పెంచడం, పెంచినందుకు తొట్టె మరింత కాగడం ఇక్కడి విడ్డూరం. దీన్ని పట్టుకునే పరీక్ష సులువు: గీజరుకు కరెంటు పూర్తిగా ఆపి, నీరు చల్లబడ్డాక, దానిలోకి వచ్చే చన్నీటి వాల్వును కట్టేసి, వేడినీటి కుళాయిని తెరిచి కాసేపు చూడాలి. మిగిలిన నీరు కారి ధార ఆగిపోతే గొట్టాలు సక్రమంగా ఉన్నట్టు. ఎంతసేపటికీ ఆగకుండా బలంగా వస్తూనే ఉంటే ఆ నీరు గీజరులోంచి కాక మరెక్కడి నుంచో అడ్డదారిన వస్తున్నట్టు.

సేఫ్టీ వాల్వు విషయం ప్రత్యేకంగా విచారించదగినది, ఎందుకంటే ప్రాణాపాయం దాగి ఉన్నది ఇక్కడే. నీరు కాగితే వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరేసరికి అర లీటరు పైచిలుకు పెరుగుతుంది. పాత అమరికలో ఈ అదనపు నీరు వచ్చిన దారినే వెనక్కి నడిచి మేడ మీది ట్యాంకులో కలిసేది, లేదా వేడినీటి గొట్టం నుంచి శ్లాబు మీదికి లేచి ఉండే గాలిగొట్టంలో కాస్త పైకి ఎగబాకేది; ఎవరికీ తెలియకుండానే సర్దుబాటు జరిగిపోయేది. మరమ్మతులో పంపు కోసమో, నీరు వెనక్కి పోకూడదనో, గీజరు ముందు ఒకవైపే తెరుచుకునే నాన్-రిటర్న్ వాల్వు బిగిస్తారు; శ్లాబు మీద అందవికారంగా ఉందని గాలిగొట్టాన్ని కోసి మూత పెడతారు. దేనికదే సమంజసంగా కనిపించే ఈ రెండు పనులూ కలిసి వ్యాకోచించిన నీటిని తొట్టెలో బంధిస్తాయి. అప్పుడు సేఫ్టీ వాల్వు తన విధిగా చుక్కచుక్కగా కారడం మొదలుపెడుతుంది. కొత్త టైల్సు మీద నీటి చార పడుతోందని, వాల్వు పాడైందని తీర్మానించి దాని మూతికి మర బిగించి మూసేయడం ఊళ్ళల్లో కొత్త కాదు. డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 17వ శతాబ్దం చివర తన ఆవిరి పాత్రకు బరువు మోసే మూతను అమర్చినప్పటి నుంచి నేటి వంటింటి కుక్కరు దాకా సూత్రం ఒక్కటే. కుక్కరు విజిలు చప్పుడు చేస్తోందని దానికి మేకు కొట్టే గృహిణి ఉండదు గానీ, గీజరు వాల్వుకు ఆ పని చేయించే ఇళ్ళు ఉన్నాయి. చేయవలసింది వేరు: చుక్కలు పడే గొట్టాన్ని మూయకుండా నేల మీది నీటి కాలువ దాకా నడిపించడం, నాన్-రిటర్న్ వాల్వు తప్పనిసరి అయితే వ్యాకోచానికి చిన్న తొట్టెనో తెరిచిన గాలిగొట్టాన్నో సమకూర్చడం, పంపు ఇచ్చే ఒత్తిడి గీజరు పలక మీద రాసిన పరిమితికి లోబడి ఉందో లేదో చూడటం.

గీజరును పెట్టిన చోటు, పెట్టిన తీరు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. నిలువుగా వేలాడదీయడానికి తయారైన గీజరును, అటక మీద చోటు తక్కువైందని అడ్డంగా పడుకోబెడితే కాయిల్‌లో కొంత భాగం నీటి మట్టానికి పైన తేలుతుంది, థర్మోస్టాటు కడ్డీ తాను కొలవవలసిన నీటిని విడిచి మరోచోట పడుతుంది. నీటిలో మునిగి ఉన్న కాయిల్ ఉపరితలం నీటి కంటే కొద్దిగానే వేడిగా ఉంటుంది. గాలిలో తేలిన కాయిల్ వందల డిగ్రీలకు పోయి కాలిపోతుంది. నీలి రింగు ఉన్న మూతి చన్నీటికి, ఎర్ర రింగు ఉన్న మూతి వేడినీటికి అన్న గుర్తును పట్టించుకోకుండా గొట్టాలు తారుమారు చేస్తే ఫలితం దాదాపు అదే, ఎందుకంటే నిలువు గీజరులో వేడినీటి గొట్టం లోపల పైకప్పు దాకా లేచి ఉంటుంది. దాని గుండా నీరు బయటికి రావాలంటే తొట్టె ముందు నిండి తీరాలి. తారుమారైనప్పుడు నీరు అడుగు నుంచే జారిపోతుంది, ట్యాంకు ఖాళీ అయిన పూట తొట్టె కూడా ఖాళీ అవుతుంది, స్విచ్చి మాత్రం వేసే ఉంటుంది. ఇక గీజరును ఫాల్స్ సీలింగు వెనుక దాచడం నేటి సొగసు. గాలి ఆడని ఆ అరలో కరెంటు పెట్టె చుట్టూ వేడి పేరుకుని కటౌటు అకాలంగా పడిపోవడమే కాక, మరమ్మతుకు వచ్చిన మనిషికి చెయ్యి పెట్టే చోటు కూడా ఉండదు. వేడినీటి గొట్టాలుగా మామూలు పీవీసీ వాడితే అవి 60 డిగ్రీలు దాటిన నీటికి మెత్తబడి వంగుతాయి. ఆ పనికి తగినది సీపీవీసీ, అది సుమారు 90 డిగ్రీల వరకు తట్టుకుంటుంది.

కోనసీమకే చెందిన కారణం ఒకటి ఉంది, అది నీటి స్వభావం. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ డెల్టాలో ఊరు మారితే నీరు మారుతుంది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ఆనకట్ట పూర్తయిన ధవళేశ్వరం నుంచి బయలుదేరే కాలువలు మధ్య డెల్టాను తడుపుతూ, గన్నవరం దగ్గర అక్విడక్టు మీదుగా వైనతేయ పాయను దాటి రాజోలు వైపు సాగుతాయి. ఆ కాలువల నీటిలో లవణాలు బోరు నీటిలో కంటే సాధారణంగా తక్కువ. ఏటిగట్టు పక్క ఊళ్ళలో బోర్లు కూడా తియ్యగానే ఉంటాయి. సముద్రం వైపు ఉన్న అల్లవరం, కాట్రేనికోన, సఖినేటిపల్లి వంటి మండలాల్లో లోతుకు పోయే కొద్దీ ఉప్పదనం ఎదురవుతుంది. మరమ్మతు చేయించే ఇంట్లో కొత్త బోరు వేయించడం ఆనవాయితీ. అప్పటిదాకా పంచాయతీ కుళాయి నీటితోనో నూతి నీటితోనో నడిచిన గీజరుకు ఆనాటి నుంచి బోరు నీరు దిగుతుంది. యంత్రం అదే, దాని తిండి మారింది. ఈ సంగతి మెకానిక్కుకు ఎవరూ చెప్పరు.

కఠినజలం అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీరు. అందులో సబ్బు నురగ రాదు, కందిపప్పు త్వరగా ఉడకదు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 600 మిల్లీగ్రాముల వరకు అనుమతి. ఆ నీటిని కాచినప్పుడు కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయి పదార్థంగా మారి, అన్నిటికంటే వేడిగా ఉన్న కాయిల్ మీదే పెచ్చు కడుతుంది. రాగితో పోలిస్తే ఈ పెచ్చు వేడిని వందల రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది కాబట్టి కాయిల్ పుట్టించిన వేడి నీటికి చేరక కాయిల్‌లోనే మిగిలిపోతుంది. అదే పెచ్చు థర్మోస్టాటు కడ్డీ ఉండే గొట్టాన్ని కప్పితే నీరు కాగిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోపు ఉష్ణోగ్రత హద్దు దాటుతుంది. రాలిన పెచ్చులు అడుగున మేటవేసి, వాటి కింద చిక్కిన నీరు ఆవిరి బుడగలై పగులుతుంటే గీజరులోంచి గుడగుడ చప్పుడు వస్తుంది. బోరు మార్చిన కొన్ని నెలలకు ఆ చప్పుడు వినిపిస్తే ఇక వేరే రుజువు అక్కరలేదు. ఉప్పునీటి దెబ్బ మరో రకం: అందులోని క్లోరైడు స్టీలు తొట్టెను సూదిమొన సందులుగా తొలుస్తుంది, తొట్టెకు బదులు తాను కరిగిపోవడానికి లోపల పెట్టిన మెగ్నీషియం కడ్డీ త్వరగా అరిగిపోతుంది. కడ్డీ అరిగితే కొత్తది వేయవచ్చు, కాయిల్ మీది పెచ్చును విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెట్టి తీయవచ్చు. థర్మోస్టాటును మాత్రమే మార్చి మూత బిగించడం వల్ల ఈ రెండిటిలో ఏదీ జరగదు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఇళ్ళన్నీ బోర్ల మీదే ఆధారపడతాయి కనుక, పెచ్చు కట్టిన కాయిల్‌ను విప్పించడానికి అనువైన కాలం వాటి వెంట వచ్చే వానాకాలం, అంటే కార్తీక స్నానాలకు ముందు. జనం మాత్రం ధనుర్మాసపు చలిలో గీజరు ఆగిపోయాక గానీ మెకానిక్కు కోసం వెతకరు, అప్పుడతడు దొరకడు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన మందం గల రాగి తీగ, గట్టిగా బిగించిన మరలు కావాలి. మరమ్మతులో తీగను అతుకు వేసి పొడిగించి, పాత చిన్న సాకెట్టుకే కలిపితే అతుకు దగ్గర వేడి పుట్టి, తీగ వెంబడి గీజరు పెట్టెలోకి పాకి, నీరు చల్లగా ఉండగానే కటౌటును పడగొడుతుంది. నల్లబడిన సాకెట్టు, కాలిన ప్లాస్టిక్కు వాసన దీని ఆనవాళ్ళు. థర్మోస్టాటు లోపలి మొనలు కరిగి అతుక్కుపోయి కరెంటు ఆగకపోవడం నిజంగా గీజరు దోషమే, అటువంటిది మార్చక తప్పదు. అయితే ఇంటి బోర్డులో స్విచ్చి పడిపోవడం వేరు, గీజరు లోపలి కటౌటు పడిపోవడం వేరు. కొత్త వైరింగులో పెట్టే భూమి లీకేజీ రక్షణ స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోతుంది. దానికి కారణం అతివేడి కాదు, పగిలిన కాయిల్‌లోకి తడి చేరడం. ఈ రెండిటినీ ఒకటిగా భావించి మందు వేయడం వల్ల చాలా డబ్బు వృథా అవుతోంది.

గ్యాసు గీజర్లున్న ఇళ్ళకు ఒక హెచ్చరిక తప్పదు. ఏసీ కోసం వెంటిలేటరును అద్దంతో మూసేసిన స్నానాల గదిలో గ్యాసు గీజరు వెలిగితే, ఆక్సిజన్ చాలక మంట అసంపూర్ణంగా మండి, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు వెలువడుతుంది. స్నానం చేస్తున్న మనిషి స్పృహ తప్పే దాకా దాని ఉనికి తెలియదు. ఆ గీజరు గది బయట ఉండాలి. మేడ మీద మరో అంతస్తు లేపి సోలార్ హీటరును తిరిగి అమర్చినప్పుడు, దానికి నీరిచ్చే చన్నీటి ట్యాంకు మట్టం సోలార్ తొట్టె కంటే పైన ఉందా, గాలిగొట్టం తెరిచి ఉందా అన్నవి మాత్రమే చూసినా చాలావరకు సరిపోతుంది.

శీతల దేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే సమస్య మరింత పెద్ద రూపంలో ఎదురవుతుంది. బ్రిటన్‌లోని ఇళ్ళలోనూ, న్యూజెర్సీ వంటి అమెరికా రాష్ట్రాల్లోని పాత ఇళ్ళలోనూ బాయిలరు కాచిన నీటిని పంపు గదిగదికీ తిప్పుతుంది. గోడలకు ఆనించిన రేడియేటర్లలో నీరు తన వేడిని గది గాలికి ఇచ్చి, చల్లబడి బాయిలరుకు తిరిగి వస్తుంది. పోయే వేడి అనే పద్దు అక్కడ రేడియేటర్ల రూపంలో కళ్ళ ఎదుటే ఉంటుంది. ఇల్లు బాగుచేసేటప్పుడు రంగుల కోసం రేడియేటర్లను విప్పి కొన్నిటిని తిరిగి పెట్టకపోవడం, వాల్వులు మూసి మరచిపోవడం, గొట్టాల్లో గాలి చేరడం, కదిలిన ఇనుప తుప్పు నల్లటి బురదగా పంపులో పేరుకోవడం, అన్నీ మూసుకున్నప్పుడు నీరు తిరగడానికి ఉంచిన పక్కదారిని కట్టేయడం జరిగితే బాయిలరు కాచిన నీరు అక్కడక్కడే తిరిగి, అతివేడి స్విచ్చి పడిపోతుంది. అక్కడి మెకానిక్కులు మొదట చూసేది బాయిలరు నుంచి వెళ్ళే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం మధ్య ఉష్ణోగ్రతల తేడా: వెళ్ళేది కాలుతూ వచ్చేది చల్లగా ఉంటే ప్రవాహం చచ్చిందని, రెండూ కాలుతుంటే నీరు తిరుగుతోంది గానీ వేడి దించుకునే చోటు లేదని అర్థం. బ్రిటన్‌లో గ్యాసు బాయిలరును విప్పే అధికారం 2009 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదైన పనివారికే ఉంది కనుక, ఇంటివారు చేయగలిగింది రేడియేటర్ల వాల్వులను, గాలిని సరిచూడటం వరకే.

గొట్టాన్ని తాకి నిర్ణయించే ఆ పద్ధతి కోనసీమ స్నానాల గదికి కూడా వర్తిస్తుంది, అయితే అందుకు గొట్టం చేతికి అందాలి. టైల్సు అతికించక ముందు గోడల్లోని గొట్టాలను నీటి ఒత్తిడితో పరీక్షించి, ఏ గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో గజం బద్ద ఆనించి ఫోటోలు తీసి ఉంచుకునే ఇంట్లో లోపం ఒక పూటలో దొరుకుతుంది. ఆ పని జరగని ఇంట్లో వెతుకులాట ఖర్చు లేని చోట మొదలై ఖర్చున్న చోటికి పోవాలి: ముందు కుళాయి మూతుల జల్లెడలు విప్పి కడగడం, బకెట్టూ గడియారమూ పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో కొలవడం, ఆపై మిక్సరు పరీక్ష, ఆపై సాకెట్టు, తీగల తనిఖీ, ఆపై కాయిల్ విప్పడం, చిట్టచివర థర్మోస్టాటు మార్పు. కటౌటు మీటను ఒకసారి నొక్కి చూడవచ్చు. రెండోసారి కూడా పడిపోతే స్విచ్చి ఆపి ఉంచాలి తప్ప, దాని రెండు తీగలనూ కలిపి ముడివేసి గీజరును నడిపించే పనికి ఎంత అనుభవం ఉన్న మెకానిక్కు సిద్ధపడినా ఇంటివారు ఒప్పుకోకూడదు.